అరవై నాలుగు అతుకులు

మా చౌడమ్మత్త నన్ను పనికిరానిదానిగా తేల్చేసేనాటికి నాకు పదకొండేళ్లు. వేటపాలెంలో మా ఇంటి మగ్గం ముందు నేల మీద కూర్చోబెట్టి, బూడిద చిప్ప నా వైపు తోసి, ఇరవై పోగులు అతకమంది. అతికాను. ఆమె అరచేత్తో వాటిని ఒక్కసారి నిమిరింది. పద్నాలుగు ఊడిపోయాయి.

"నీ చేతికి పోగు అంటదే ఊర్మిళా. పోయి చదువుకో," అంది.

తిట్టినట్టు కూడా అనలేదు. వానొచ్చేట్టుంది అన్నంత మామూలుగా అంది. నేను పోయి చదువుకున్నాను. చదివి చదివి గుంటూరులో ఒక పరిశోధన ఆసుపత్రిలో చేతి శస్త్రచికిత్స విభాగానికి పెద్దనయ్యాను. తెగిన వేళ్లు అతికించాను, వెంట్రుకంత రక్తనాళాలు కుట్టాను. అయినా ఆ పద్నాలుగు పోగులు నాకింకా గుర్తే. నాకు కోపం ఎక్కువ, మరుపు తక్కువ.

మా అత్త పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మగ్గం మీద చీరల నేత పూర్తయ్యాక పాత పడుగు, అంటే నిలువు పోగులు, మొత్తం తీసేయరు. జానెడు కొనలు, పోగుకో కన్నం ఉండే అచ్చులో, అలాగే వదిలేస్తారు. కొత్త పడుగులోని ప్రతి పోగునీ ఆ పాత కొనకి ఒక్కొక్కటిగా మెలేసి అతుకుతారు. మూడు వేలు, నాలుగు వేలు, ఎన్నుంటే అన్ని. ఆ తర్వాత పాతదాన్ని లాగితే దాని వెంట కొత్తది అచ్చు కన్నాల్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. ముడి వేస్తే కన్నంలో ఇరుక్కుంటుంది కాబట్టి ముడి ఉండదు. వేళ్లకి కాస్త బూడిద అద్దుకుని మెలేయడమే. ఇరవయ్యేళ్లు మగ్గం నేసి, ఆ తర్వాత ఇరవయ్యేళ్లుగా చౌడమ్మత్త అతుకు పని చేస్తోంది. నాలుగూళ్ల మగ్గాలు ఆమె చేతి కోసం కాచుకుని ఉంటాయి.

ఆ చేయి పట్టుకుని మార్చి నెలలో మా ఆసుపత్రికి వచ్చింది. కుడి మణికట్టు వాచి ఉంది.

"పోగు మెలేస్తుంటే లోపల పిన్నీసు గుచ్చినట్టుంటదే. కాపడం పెట్టా, పసుపేశా, కట్టు కట్టా. తగ్గి చావలా," అంది.

స్కాన్ తీయించి చూశాను. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. నడిమధ్యన ఉండేది చంద్రవంక ఎముక, జీడిపప్పంత ఉంటుంది. ఇరవయ్యేళ్లపాటు, పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె తాడుని ఆ చేత్తోనే విసురుగా లాగింది మా అత్త. ఆ కుదుపులన్నీ ఆ జీడిపప్పు మీదే పడ్డాయి. దానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు మూసుకుపోయాయి. ఎముక చచ్చిపోయింది. ఇంకా విరగలేదు, అంతే. నాలుగైదు నెలల్లో నలిగి పిండైపోతుంది.

"ఏం చేస్తారు దీనికి?" అని అడిగింది.

"మామూలుగా అయితే ఆ ఎముక తీసేసి, మణికట్టు బిగించేస్తాం. నొప్పి పోతుంది."

"చెయ్యి తిరుగుద్దా?"

"తిరగదు."

ఆమె తన కుడి బొటనవేలిని చూపుడువేలి మీద రుద్దుకుంది. మెలేసేటప్పుడు చేసే కదలిక అది. "తిరక్కపోతే ఇంక ఈ చెయ్యెందుకే? ఇంకోటేందో చెప్పు," అంది.

ఇంకోటి ఉంది. కానీ అది నీకొద్దత్తా అన్నాను.

మా ఆసుపత్రి పై అంతస్తులో డాక్టర్ ఇంతియాజ్ ప్రయోగశాల ఉంది. అతను పట్టుగూడు నుంచి తీసిన ఒంటి పోగు మీద రోగి సొంత కణాలను పెంచుతాడు. రక్తనాళం లోపలి పొర కణాలవి. ఐదు వారాల్లో అవి పోగు చుట్టూ గొట్టంలా అల్లుకుంటాయి. ఆ తర్వాత లోపలి పట్టు మెల్లగా కరిగిపోయి, కంటికి ఆనీ ఆనని రక్తనాళం మిగులుతుంది. మేం దాన్ని రక్తపోగు అంటాం. అలాంటివి ఒక కట్టగా చచ్చిన ఎముకలోకి పంపి, బతికున్న ధమని నుంచి రక్తం పారించాలన్నది మా ఆలోచన.

మనుషుల్లో ఒక్కరికే చేశాం. ఏసోబు అని, బండలు పగలగొట్టే డ్రిల్లు పట్టేవాడు. అతని ఎముకని నేనే తెరిచాను. లోపల చచ్చిన గుజ్జంతా శుభ్రంగా గీకి, కొత్త పోగులు పెట్టాను. రక్తం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. చివరికి మణికట్టు బిగించాల్సి వచ్చింది. ఇప్పుడతను మా ఆసుపత్రి గేటు దగ్గర పనిచేస్తున్నాడు. అన్నం ఎడమచేత్తో కలుపుకుంటాడు. రోజూ పొద్దున్నే నాకు ఎడమచేత్తోనే నమస్కారం పెడతాడు. ఒక్కరోజు కూడా నన్ను నిందించలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చేది.

చౌడమ్మత్త మొండిది. ఏముందో చూపించేదాకా కదల్లేదు. పైకి తీసుకెళ్లి, ఇంతియాజ్ ముందే, ఏసోబు శస్త్రచికిత్స వీడియో తెర మీద వేశాను. నేను ఎముక లోపల గీకుతున్న చోటు రాగానే ఆమె ముందుకి వంగింది.

"ఆపు. ఎవరు చేసిందిది?"

"నేనే."

"అచ్చెందుకు ఖాళీ చేశావ్?"

నాకర్థం కాలేదు. ఇంతియాజ్ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఏ అచ్చమ్మా?" అని అడిగాడు.

"ఆ ఎముకలో ముందు రక్తం పారిన దార్లు ఉంటయ్యిగా నాయనా? అయ్యి పాత కొనలు. ఎండినా, పురుగు కొట్టినా, వాటిని తియ్యకూడదు. వాటిని పట్టుకునేగా కొత్త పోగు లోపలికి పోయేది. ఇదేమో మొత్తం గీకి పారేసింది. ఇంక కొత్త పోగుకి దారెవరు చెప్తారు?" నా వైపు తిరిగింది. "సాలోళ్లింట్లో పుట్టావ్. ఈ మాత్రం తెలీదటే?"

ప్రపంచంలో ఏ సదస్సులోనూ నన్నెవరూ అంత మాట అనలేదు. కోపం ముంచుకొచ్చింది. కానీ ఆమె చెప్పింది నిజం. మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఆ గీకుడు దగ్గర నాకే తట్టాల్సింది.

వారం తిరక్కుండా మేక ఎముకల మీద చూశాం. చచ్చిన ఎముకని గీకకుండా, ఒక పక్క నుంచి సన్నగా గాలి పీలిస్తే రెండో పక్క పెట్టిన పోగులు పాత దారులు వెతుక్కుంటూ లోపలికి జారిపోయాయి. కొనలు మాత్రం బయట మిగిలాయి. చంద్రవంక ఎముకలో అలాంటి దారులు అరవై నాలుగు దాకా దొరుకుతాయని లెక్క తేలింది. ఆ కొనలను ధమని వైపు నుంచి వచ్చే అరవై నాలుగు పోగులతో అతకాలి. జిగురు పెడితే కణాలు చచ్చిపోతున్నాయి. కుట్టుదామంటే సూదే పోగుకన్నా లావు. మెలేయాలి. భూమ్మీద ఆ పోగుని మెలేయగల చేయి నాకు తెలిసి ఒక్కటే. ఆ చేయే బల్ల మీద తెరిచి ఉంటుంది.

"నువ్వే నేర్చుకో," అంది అత్త.

"నా చేతికి అంటదన్నావుగా."

"అప్పుడంటలా. ఇప్పుడు అంటించుకో."

ఆమె రక్తంలోంచి కణాలు తీసి ఇంతియాజ్ పోగులు పెంచడం మొదలుపెట్టాడు. అత్త గుంటూరులో నా దగ్గరే ఉండిపోయింది. రోజూ సాయంత్రం ఓపీ అయ్యాక నేను మామూలు పట్టుపోగులతో ఆమె ముందు కూర్చునేదాన్ని. వేళ్లకి బూడిద వద్దన్నాను. శస్త్రచికిత్సలో అలాంటివి కుదరవు, ఉప్పునీళ్లతో తడుపుకుంటానన్నాను. ఆమె మూతి తిప్పింది. ఇరవై అతికితే పన్నెండు ఊడేవి. నాలుగు వారాల తర్వాత కూడా ఎనిమిది ఊడుతున్నాయి. ఆమె తన చేత్తో చూపించిన ప్రతిసారీ మణికట్టు పట్టుకుని పళ్లు బిగించేది. చూపించొద్దంటే, "చూపియ్యకపోతే ఎట్టా వస్తదే నీకు, పుస్తకంలో చదివా?" అని కసిరేది.

ఐదో వారం, ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఇంతియాజ్ నమాజుకి వెళ్లాడు. నేను ఓపీలో ఉన్నాను. చౌడమ్మత్త పైకి వెళ్లి, పోగులు పెంచే వెచ్చటి పెట్టె మూత తీసి, లోపలి పళ్లెంలో ఉన్న పోగులు చూసింది. అవీ నా అభ్యాసం కోసమేననుకుంది. నేను అతికిన పన్నెండు పోగులు పళ్లెంలో ఒక పక్కన ఉన్నాయి. కణాలు నా మెలి దాటతాయో లేదో చూద్దామని ఇంతియాజే పెట్టించాడు. ఆమె వాటి పక్కన ఇంకో పన్నెండు అతికింది, సరైన అతుకు ఎలా ఉంటుందో నేను చూసి బుద్ధి తెచ్చుకోవాలని. అతకబోయే ముందు అలవాటు చొప్పున రొంటిన దోపుకున్న సంచిలోంచి పొయ్యి బూడిద తీసి వేళ్లకి అద్దుకుంది. నలభయ్యేళ్లుగా బూడిద లేకుండా పోగు ముట్టుకోని మనిషి ఆమె.

సోమవారానికి పళ్లెమంతా బూజు పట్టింది.

నేను అరిచాను. మా విభాగమంతా విన్నది. ఐదు వారాలు బూడిదపాలయ్యాయని, ఇంక నీ చేయి నీ ఇష్టమని ఏవేవో అన్నాను. ఆమె బల్ల మీద తల వంచుకుని కూర్చుంది. అంతా అయ్యాక, "నా ఎముక, నా బూడిద. నీకెందుకే ఏడుపు?" అంది. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని.

ఆ రోజే మళ్లీ స్కాన్ చేశాను. ఎముకలో సన్నటి పగులు మొదలైంది. మళ్లీ పోగులు పెంచాలంటే ఐదు వారాలు కావాలి. ఎముక అంతవరకే ఆగుతుంది. ఇంకోసారి తప్పు జరిగితే ఇక బాగుచేయడానికి ఏమీ మిగలదు.

పాడైన పళ్లేన్ని పారేయబోతూ ఇంతియాజ్ ఒకసారి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అతనికి ఏదైనా పారేసే ముందు చూసే అలవాటు ఉంది. నన్ను కేకేశాడు.

"మేడమ్, ఇటు చూడండి. ఇది మీ అతుకు. కణాలు మెలి దాకా వచ్చి ఆగిపోయాయి. ఇది అమ్మ అతుకు. దాటిపోయాయి."

చూశాను. బూజు సంగతి అలా ఉంచితే, ఆమె అతికిన పన్నెండు చోట్లా కణాలు ఇటు నుంచి అటుకి వరుసగా పాకి ఉన్నాయి. మెలికల మధ్య బూడిద రేణువులు మెరుస్తున్నాయి. కట్టెల బూడిదలో ఉండేది చాలావరకు సున్నమే. ఎముకలో ఉన్నదీ ఆ జాతిదే. కణాలు ఆ రేణువులను పట్టుకుని అవతలికి దాటాయి. అంతేకాదు, బూడిద ఉన్న మెలి జారదు. నా పోగులు ఊడటానికి సగం కారణం నా ఉప్పునీళ్లు.

ఎముకలో ఉండే సున్నాన్నే మెత్తగా పొడి చేసి, క్రిములు లేకుండా కాల్చి, చిన్న గాజు గిన్నెలో పోసి ఆమె ముందు పెట్టాడు ఇంతియాజ్. ఆమె వేళ్ల మధ్య నలిపి చూసింది.

"మా పొయ్యిదే బాగుంటది," అంది. తర్వాత, "ఇదీ పర్లేదులే నాయనా," అంది.

నాకు అసూయ కలిగింది. ఆ 'పర్లేదు' అనే మాట కోసమే నేను పదకొండో ఏట కూర్చున్నాను. అదేమో పొడికి దక్కింది.

కొత్త పోగులు సిద్ధమయ్యాక, జూలై పదహారున పొద్దున ఎనిమిదింటికి శస్త్రచికిత్స మొదలుపెట్టాం. చేతికి మాత్రమే మత్తు ఇచ్చాం. మనిషి మెలకువగానే ఉంది. అడ్డంగా తెర కట్టినా, తల పక్కన ఉన్న బుల్లితెర మీద అంతా కనబడాలని పట్టుబట్టింది. భుజం కింద పట్టీ బిగించి చేతికి రక్తం ఆపాం. అలా రెండు గంటలు ఆపొచ్చు. అంతకు మించితే చేతికే ముప్పు.

ఎముక తెరిచేసరికి పాతబడిన సుద్దముక్కలా బూడిద రంగులో ఉంది. గీకలేదు. రెండు రంధ్రాలు మాత్రం చేసి ఒక పక్క నుంచి గాలి పీలిస్తే, పోగులు లోపలికి దారులు వెతుక్కుంటూ పోయాయి. అరవై నాలుగు కొనలూ బయట చిన్న చట్రం మీద పరిచాను. ఎదురుగా ధమని నుంచి వచ్చిన అరవై నాలుగు పరిచాను. అప్పటికి యాభై నిమిషాలు అయిపోయాయి.

సాధనలో వేళ్లు వాడినా, తెరిచిన ఎముక దగ్గర వాటిని నమ్మలేక, సూక్ష్మదర్శినిలో చూస్తూ, పొడి అద్దిన పట్టకారుతో మొదటిది అతికాను. రెండోది, మూడోది. తొమ్మిదోది జారింది. మళ్లీ అతికాను, మళ్లీ జారింది. ఆ తర్వాత, ముందు నిలిచిన నాలుగోది కూడా ఊడింది. నా చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఊర్మిళా," అంది తెర అవతల నుంచి. "ఏంటా పట్టకారు?"

"అత్తా, మాట్లాడొద్దు."

"ఇనపముక్కకి పోగు మెలి తెలుస్తదా? అవతల పడెయ్."

"అది లేకుండా ఇక్కడ ఎవరూ..."

"ఎవరో సంగతి నాకెందుకే? వేళ్లకి పొడి అద్దుకో. కళ్లు మూసుకో. వేలు చెప్పిందాకా వదలమాక."

మత్తు డాక్టర్ నా వైపు చూశాడు. ఇంతియాజ్ నేల వైపు చూశాడు. ఒకవేళ నా వేళ్లు ఒక్క పోగు తెంపితే దాని వెంట పక్కవి కూడా లేచిపోతాయి. పట్టకారు పళ్లెంలో పడేశాను. అన్నింటికన్నా పల్చటి చేతొడుగులు తెప్పించి వేసుకున్నాను. పొడి అద్దుకున్నాను. కళ్లు మాత్రం మూసుకోలేదు, అంత ధైర్యం లేదు. కానీ చూడటం మానేశాను.

బొటనవేలు ముందుకి. మెలి పడింది. వెనక్కి పడుకోబెట్టి ఇంకొక్కసారి. వేలి కింద రెండు పోగులు ఒక్కటైన చోటు చిన్నగా, గట్టిగా తగిలింది. పదకొండో ఏట నాకు తెలియకుండా పోయిందిదే. కంటితో చూసి వదిలేసేదాన్ని. వేలు చెప్పేదాకా ఆగేదాన్ని కాదు.

"నాలుగోది నిలిచింది. తొమ్మిది," అంది అత్త, బుల్లితెర చూస్తూ. "పది. పదకొండు... ఆగు, అది ఊడుద్ది. మళ్లీ చెయ్."

మళ్లీ చేశాను. ఆమె లెక్కపెడుతూనే ఉంది. నలభై ఎనిమిది దగ్గర నర్సు టైము చెప్పింది, ఇంకా పద్దెనిమిది నిమిషాలు. నాకు వినబడింది కానీ వేళ్లకి వినబడలేదు. అరవై. అరవై ఒకటి. అరవై నాలుగోది అతికి చేతులు ఎత్తేశాను. ఆరు నిమిషాలు మిగిలింది.

"పట్టీ వదలండి," అన్నాను.

వదిలారు. చేతిలోకి రక్తం వచ్చింది. అందరం ఎముక వైపు చూస్తున్నాం. ఏమీ కాలేదు. ఒక నిమిషం గడిచింది. ఏసోబు ఎముక కూడా సరిగ్గా ఇలాగే ఉండిపోయింది. రెండో నిమిషంలో, ఆ సుద్దముక్క మీద ఒక మూల ఎర్రటి చుక్క లేచింది, ఆవగింజలో సగం ఉంటుంది. దాని పక్కన ఇంకోటి. తర్వాత లెక్కపెట్టలేనన్ని. బూడిదరంగు ఎముక నా కళ్లముందే గులాబీ రంగుకి తిరిగింది.

ఇంతియాజ్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నా జీవితంలో అంత గర్వపడ్డ క్షణం ఇంకోటి లేదు. చెప్పుకోవడానికి నేనేం సిగ్గుపడను.

"అరవై నాలుగూ నిలబడ్డయ్యా?" అని అడిగింది అత్త.

"నిలబడ్డాయత్తా."

"నిమిరి చూశావా?"

సాయంత్రం వెళ్తుంటే గేటు దగ్గర ఏసోబు లేచి నిలబడ్డాడు. "అమ్మకి రక్తం దిగిందా డాక్టరమ్మా?"

"దిగింది ఏసోబూ." అతని ముందు నుంచి వెళ్లిపోలేకపోయాను. "నీది ఇలా బాగుచేయలేను. పాత దారులు లోపల ఉండగానే నేను గీకేశాను. తెలియక చేశాను."

అతను తన బిగిసిన మణికట్టు వైపు చూసుకున్నాడు. "నా తర్వాతోళ్లకి గీకమాకండి," అన్నాడు. ఎడమచేత్తో నమస్కారం పెట్టాడు. ఇప్పటికి పదకొండు మందికి చేశాం. ఒక్కరిదీ గీకలేదు. ప్రతిసారీ ఆ మాట చెప్పుకునే కత్తి పట్టుకుంటాను.

నవంబరులో వేటపాలెం వెళ్లాను. అత్త చేతికి కట్టు తీసి నెలన్నర అయింది. మల్లికార్జునం ఇంట్లో కొత్త పడుగు అతకడానికి కూర్చుని ఉంది. మల్లికార్జునం ఇరవయ్యేళ్లుగా ఆమె అతుకు మీదే నేస్తున్న మనిషి. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆమె మణికట్టు తిరుగుతోంది. పళ్లు బిగించడం లేదు. గంటకి మూడొందలకి పైనే అతుకులు పడుతున్నాయి.

నన్ను చూసి, తలెత్తకుండానే, "డాక్టరమ్మ గారు నిలబడతారా, కూచుంటారా?" అంది.

కూర్చున్నాను. ఆమె బూడిద చిప్ప నా వైపు తోసింది. అంచు వైపు అరవై పోగులు వదిలి పక్కకి జరిగింది. బూడిద అద్దుకుని అతకడం మొదలుపెట్టాను. నా అరవై అయ్యేలోపు మధ్యలోవన్నీ ఆమె ముగించింది. అవతలి అంచువి మాత్రం ఇంకా అతకాల్సి ఉన్నాయి.

అతికినంతవరకు గట్టిగా ఉందో లేదోనని మల్లికార్జునం వచ్చి పడుగు మీద అరచేయి ఆనించి నిమిరాడు. ఒక్కటీ ఊడలేదు. ఈ చివర చేయి ఆపి, వెనక్కి తెచ్చి, మళ్లీ నిమిరాడు.

"చౌడమ్మా, ఈ అరవయ్యీ నీ చేతియ్యి కాదు. ఎవరియ్యి?"

"మా ఊర్మిళయ్యి," అంది. "నా ఎముక అతికింది కూడా ఆ చెయ్యే." పడుగు వైపు చూస్తూనే, "పర్లేదు," అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులకి బూడిద ఉండటంతో తుడుచుకోలేకపోయాను. అత్త చిప్ప ఎత్తి అవతలి అంచు దగ్గర పెట్టింది.

"ఆడ ఇంకా నూట ఇరవై ఉన్నయ్. ఇటు జరుగు," అంది.